కోరంగి రేవు

కాకినాడ నుండి యానాం పోవు బాటలో చొల్లంగి దాటినంతనే గాలి మారును. ఉప్పు వాసనయు, బురద వాసనయు కలిసి వచ్చును. కుడి ప్రక్క వరిచేలు, కొబ్బరితోటలు, ఈ కాలమున వానికి తోడు రొయ్యల చెరువులు. ఎడమ ప్రక్క, కొంత దూరమున, నేలకును నీటికిని నడుమ నిలిచిన పచ్చని గోడ యొకటి కనబడును. అది మడ అడవి. ఆ అడవి యంచున నున్న చిన్న గ్రామము కోరంగి. బస్సు అచట నిలుచునది అరనిమిషము. ఒకప్పుడు ఈ గ్రామము పేరు కలకత్తాలోను, రంగూనులోను, లండనులోను, పారిస్‌లోను ఓడల వ్యవహారము తెలిసిన ప్రతివానికిని తెలిసియుండెనని మేము చెప్పగా, మాతో వచ్చిన మిత్రులు మర్యాదకొరకు తల యూపిరి గాని నమ్మినట్లు తోచలేదు.

శ్రోతలలో కొందరు కోరంగి పేరు మరియొక సందర్భమున వినియుందురు. ప్రపంచమున అత్యధిక ప్రాణనష్టము కలిగించిన తుపానుల పట్టిక ఎచట ప్రకటింపబడినను అందు ఒక పంక్తి తప్పక కానవచ్చును: కోరంగి, 1839 నవంబరు 25, మృతులు 3,00,000, నాశమైన నౌకలు 20,000. ఒక పుస్తకమునుండి మరియొక పుస్తకమునకు, అచటినుండి పత్రికలకు ఈ పంక్తి ఎక్కుచునే యున్నది. మేమీ అంకెను నమ్మజాలము. ఏల నమ్మజాలమో చెప్పవలెననియు, ఆ అంకె క్రింద మరుగుపడిన అసలు కథను మన శ్రోతల ముందుంచవలెననియు మా తలంపు.

కోరంగిని తెలిసికొనుటకు ముందు అచటి నీటిని తెలిసికొనవలెను. ధవళేశ్వరము దిగువన గోదావరి గౌతమి యనియు, వసిష్ఠ యనియు రెండుగా చీలును. గౌతమి తూర్పుగా సాగి యానాం చేరువకు వచ్చిన పిదప ఒక పాయ దానినుండి విడివడి, ఉత్తరముగా తిరిగి, మెలికలు త్రిప్పుకొనుచు పోయి కాకినాడ అఖాతమున కలియును. అదియే కోరంగి పాయ. దానికి తూర్పున గాడేరు అను మరియొక పాయ కలదు. వీని నడుమ లెక్కకు మిక్కిలిగా చిన్న కాలువలు, వాని నడుమ బురద తిప్పలు. పోటు వేళ నీరు అడవిలోని కెక్కును. పాటు వేళ దిగిపోవును. రోజునకు రెండుమారులు మునిగి తేలు నేల అది. తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల మొదలగు చెట్లు తప్ప అన్యము అచట బ్రతుకజాలదు. మడచెట్టు వేళ్ళు బురదనుండి మేకులవలె పైకి లేచి గాలి పీల్చును. ఉప్పుపొన్న వేళ్ళు విల్లువలె వంగి చెట్టును నీటిపై నిలుపును. తిల్లపాలు కంట బడరాదని కట్టెకు పోవు ప్రతి కుఱ్ఱవానికిని తెలియును.

మన పెద్దలు ఈ పాయను సప్తగోదావరులలో ఆత్రేయ యనిరి. పుష్య బహుళ అమావాస్యనాడు, అనగా చొల్లంగి అమావాస్యనాడు, తుల్యభాగ సముద్రమున కలియుచోట మునిగి సప్తసాగర యాత్ర నారంభించువారు ఆ పిమ్మట ఆత్రేయ స్నానమునకై వచ్చునది కోరంగికే. యాత్ర అంతర్వేదిలో ముగియును. రేవుగా కోరంగి కీర్తి పోయినను తీర్థముగా దాని స్థానము పోలేదు.

తూర్పు తీరమున సహజమైన రేవులు అరుదు. మద్రాసు మహానగరమునందు సయితము చిరకాలము ఓడలు బయట సముద్రములో లంగరు వేసి నిలువగా, మనుష్యులను, సరుకును మసూలా పడవలు అలలపై ఎగురవేయుచు ఒడ్డునకు చేర్చుచుండెను. ఇట్టి తీరమున గోదావరి తాను తెచ్చిన ఇసుకతో సముద్రములోనికి ఒక చేయి చాచినది. ఆంగ్లేయ నావికులు దానిని పాయింట్ గోదావరి యనిరి. నైరృతి ఋతుపవన కాలమున దక్షిణపు గాలికి బయట సముద్రము ఉడికి పోవుచున్నను, ఆ ఇసుక చేతి చాటున అఖాతము చెరువువలె నుండును. ఓడ అచట విశ్రమింపవచ్చును. పోటునందుకొని పాయలోనికి వచ్చినచో అడుగు గోకి, చివికిన పలకలు మార్చి, తారు పూసి, మరల సముద్రమునకు పోవచ్చును.

ఈ చాటు విలువ పరదేశ వర్తకులు త్వరలోనే గ్రహించిరి. 18వ శతాబ్ది తొలి భాగముననే ఇంగ్లీషువారు ఇంజరమునను, ఫ్రెంచివారు యానాంలోను, డచ్చివారు జగన్నాథపురమునను తమ వర్తకశాలలు నెలకొల్పిరి. ఒక పగటి నడకలో మూడు జాతుల జెండాలు! వారు వచ్చినది మన నేతగాండ్ర బట్టలకొరకు. ఇంజరము సన్నబట్టకు పేరెన్నికగన్నది. బట్టల మూటలు ఎక్కుటకు ఓడ కావలెను. ఓడ నిలుచుటకు కోరంగి కావలెను. 19వ శతాబ్ది ఆరంభమున ఇచట పెద్ద ఓడలను బాగుచేయుటకు గోదీ కట్టబడెను. 1878లో వెలువడిన గోదావరి జిల్లా మాన్యువలులో హెన్రీ మారిస్ దొర, కలకత్తాకును సింహళములోని త్రింకోమలికిని నడుమ పెద్ద ఓడలను గోదీకెక్కించి బాగుచేయు తావు ఇదియొక్కటియే యని వ్రాసెను. బురదలో నిలిచిన ఈ పల్లెకు ఎంత పేరు ఉండెనో ఈ మాటవలన ఊహించుకొనవచ్చును. కోరంగిని ఆనుకొనియున్న తాళ్ళరేవు వడ్రంగుల చేతిలో దోనీలు రూపు దిద్దుకొనుచుండెను.

ఇక ఉప్పెనల మాట. ఆ ఇసుక చేయి దక్షిణపు గాలిని ఆపునే గాని ఈశాన్యపు గాలిని ఆపదు. అఖాతము నోరు తెరచియున్నది ఆ వైపునకే. బంగాళాఖాతపు తుపాను గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగు సుడి. అది కోరంగికి కొంచెము దక్షిణమున తీరము దాటినచో, దాని కుడి భాగమునందలి గాలి సముద్రము మీదుగా వచ్చి నీటినంతను అఖాతములోనికి త్రోయును. లోతు స్వల్పము. ప్రక్కలకు పోవుటకు దారి లేదు. నీరు పైకి లేవవలసినదే. పోటు వేళయు దానితో కలిసినచో చెప్పవలసినది లేదు. ఏ చాటును నమ్మి ఓడలు, ఓడలను నమ్మి మనుష్యులు అచట చేరిరో, ఆ చాటే బోనుగా మారును.

అట్లు మారిన సంవత్సరములు ఏవి? పుస్తకములు నాలుగు చెప్పుచున్నవి. 1911 నాటి ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా 1787 అనియు, 1832 అనియు చెప్పును. తుపాను పట్టికలు 1789 అనియు, 1839 అనియు చెప్పును. వీనిలో 1787కు గట్టి ఆధారము కలదు. ఆ యేడు మే నెలలో వచ్చిన ఉప్పెనను గూర్చి ఇంజరము వర్తకశాలలోని ఒక ఇంగ్లీషు ఉద్యోగి కొద్ది వారములలోనే జాబు వ్రాసెను. సముద్ర పటములకు ప్రసిద్ధుడైన అలెగ్జాండర్ డాల్రింపుల్ దానిని ప్రచురించెను. 1839 నవంబరు తుపానునకును ఆధారము కలదు. హెన్రీ పిడింగ్టన్ అను పూర్వ నావికుడు కలకత్తాలో కూర్చుండి, ఆ తుపానులో చిక్కిన ఓడల దినచర్య పుస్తకములు సేకరించి, గాలి ఏ గంటకు ఏ దిక్కునుండి వీచెనో పోల్చి చూచి, ఏషియాటిక్ సొసైటీ పత్రికకు వ్యాసము వ్రాసెను. గ్రీకు భాషలో పాముచుట్ట యను అర్థము గల మాటనుండి సైక్లోన్ అను పేరు కల్పించినవాడు ఈ పిడింగ్టనే. ఆయన 1848లో ప్రకటించిన నావికుల కరదీపికలో కోరంగి ఉప్పెన కథ కలదు.

మూడు మహాతరంగముల కథ అందరు చెప్పునది. మొదటి అల ఓడలను ఊరిలోనికి తెచ్చెననియు, రెండవది చుట్టుప్రక్కల పల్లమును ముంచెననియు, మూడవది మిగిలినదంతయు తుడిచిపెట్టెననియు చెప్పుదురు. దీనికి మూలము లాప్లాస్ అను ఫ్రెంచి నౌకాధిపతి కథనము. ఆయన దశాబ్దముల పిమ్మట ఈ తీరమునకు వచ్చి, విన్నది వ్రాసెను. 1789 డిసెంబరు అను తేదీ ఆ కథతో వచ్చినదే. రెండేండ్ల వ్యవధిలో ఒకే ఊరు రెండుమారులు సమూలముగా కొట్టుకొనిపోయినదనుటకంటె, చెప్పినవారి జ్ఞాపకములో ఏడు మారినదనుట మాకు సమంజసముగా తోచుచున్నది. ముసలివారు తమ బాల్యమునాటి గాలివానను పదిమందికి చెప్పునప్పుడు ఏడాది అటునిటు జరుగుట మన ఇండ్లలోను చూచుచునే యున్నాము. అంతమాత్రమున వారు చెప్పిన అల అబద్ధము కాదు.

కాని మూడు లక్షలను అంకె వేరు. 1821లో రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య సుమారు 7,38,000. 1841 నాటికి అది సుమారు 5,61,000కు దిగెను. ఆ ఇరువదియేండ్లలో జిల్లా మొత్తము మీద తగ్గినవారు రెండు లక్షలకు లోపు. అందును పెద్ద భాగము 1832–33 నాటి నందన కరవునకు, దాని వెనువెంట వచ్చిన వానలేమికి, వలసలకు చెల్లవలసినది. 1844లో హెన్రీ మాంట్‌గోమరీ జిల్లా దుస్థితిని విచారించి నివేదిక వ్రాయుటకును, దాని వెనుక ఆర్థరు కాటను ధవళేశ్వరము ఆనకట్టకు పూనుకొనుటకును మూలము ఆ క్షీణదశయే. అట్టి జిల్లాలో ఒక్క రాత్రి మూడు లక్షలమంది సముద్రము పాలైరనుట లెక్కకు నిలువదు. ఇరువదివేల నౌకల మాట మరియు విచిత్రము. కోరంగి పాయను ఒకసారి చూచినవారెవ్వరును ఆ మాట అనరు. ఎవరి కలమునుండి మొదట జారినదో గాని, ఆ సున్నలు నూటయెనుబది యేండ్లుగా కొట్టుకొని వచ్చుచున్నవి.

మేము ఈ మాట అన్నప్పుడు ఒక మిత్రుడు, చనిపోయినవారి సంఖ్య తగ్గించుటవలన వారికి మీరు చేయు మేలేమి యని అడిగెను. ప్రశ్న న్యాయమైనదే. మా సమాధానమిది. మూడు లక్షలని వ్రాసినవాడు ఆ మృతులలో ఒక్కనినైనను ఎరుగడు. ఆ రాత్రి పోయినవారు పాయలో పడవ నడిపినవారు, గోదీలో ఉలి పట్టినవారు, ఉప్పుమళ్ళలో పని చేసినవారు, మగ్గముపై కూర్చున్నవారు, వారి భార్యాబిడ్డలు. నాటి కాగితములలో ఓడల పేర్లు దొరకును, వాని యజమానుల పేర్లును దొరకును. వీరి పేర్లు దొరకవు. పేర్లు వ్రాయనివారు లెక్కయు వ్రాయలేదు. లెక్క లేనిచోట కల్పించిన అంకెను పెట్టినచో, ఎవరును లెక్కింపలేదను సత్యము కూడ కప్పబడిపోవును.

ఉప్పెన కోరంగిని చంపినదనుట రెండవ పొరపాటు. ప్రతి ఉప్పెనకు పిదపను జనులు మరల వచ్చిరి, మరల కట్టుకొనిరి. 1787లో కొట్టుకొనిపోయిన ఊరికే కదా తరువాతి శతాబ్ది ఆరంభమున గోదీ వచ్చినది! కోరంగిని చంపినది చప్పుడు చేయక వచ్చిన మట్టి. గోదావరి ప్రతి వరదకును కొండలనుండి, నల్లరేగడి భూములనుండి మట్టి తెచ్చును. ఆ మట్టిలో కొంత పాయ మొగలో మేటవేయును. మేటపై మడవిత్తు పడును. ఉప్పుపొన్న విత్తనము చెట్టు మీదనే మొలకెత్తి, ఈటెవలె క్రిందికి జారి, బురదలో నాటుకొనును. ఆ చెట్టు వేళ్ళు మరికొంత మట్టిని పట్టుకొనును. ఇట్లు నీరు నేలయగును. అఖాతమునకు తూర్పున హోప్ ఐలండ్ అని పిలుచు ఇసుక దిబ్బ ఈ రెండు శతాబ్దములలో ఏర్పడినదే. మొగలో లోతు తగ్గిన కొలదిని పెద్ద ఓడలు కోరంగిని విడిచి ఉత్తరముగా కాకినాడ ఎదుట నిలువసాగెను. 1852లో ఆనకట్ట పూర్తియైన పిమ్మట డెల్టా పంట కాలువలమీద పడవలలో కాకినాడకే చేరెను. 1861–65 నడుమ అమెరికా అంతర్యుద్ధమువలన మన ప్రత్తికి గిరాకి పెరిగినప్పుడు ఆ లాభము పొందినదియు కాకినాడయే. 1901 జనాభా లెక్కలలో కోరంగి 4,258 మంది గల గ్రామము. రేవు వ్యాపారము అప్పటికి పోయినది. తాళ్ళరేవులో చిన్న ఓడలు కట్టుట, బాగుచేయుట మాత్రము నిలిచియుండెను.

చిత్రమేమనగా, ఊరు చిన్నదైన కాలముననే దాని పేరు పెద్దదైనది. 1852లో దిగువ బర్మా ఇంగ్లీషువారి వశమైన పిదప రంగూనులో వరి మిల్లులకును, రేవునకును కూలీలు కావలసివచ్చిరి. మన తీరపు పల్లెలనుండి వేలకొలది జనులు మేస్త్రీల వెంట ఓడలెక్కిరి. రంగం పోవుట యనగా మన తల్లులకు తెలిసిన మాటయే. కొందరు డబ్బుతో తిరిగివచ్చిరి, కొందరు జ్వరముతో తిరిగివచ్చిరి, కొందరు రానేలేదు. అచట వీరినందరిని ఇంగ్లీషువారు కోరంగీలనిరి. శ్రీకాకుళపు వాడును కోరంగీయే, విశాఖపట్టణపు వాడును కోరంగీయే. ఆ రేవును కంట చూడనివాడును కోరంగీయే. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు కోరంగి యను పేరు కళింగ శబ్దమునకు వికృతి కావచ్చునని ఊహించినది. మలయాలో మనవారికి వచ్చిన క్లింగ్ అను పేరును కళింగమునుండి వచ్చినదే. ఆ ఊహ నిజమైనచో ఒకే మాట రెండు దారుల రెండు దేశములకు పోయి మన కూలివానికి బిరుదైనదన్నమాట. బిరుదని మేమనుచున్నాము గాని, పలికినవారి నోట అది గౌరవవాచకము కాదు.

1931 నాటి జనాభా లెక్కలలో బర్మాలో భారతీయులు పది లక్షలకు పైబడిరి. వారిలో తెలుగువారు లక్షన్నరకు పైమాట. అంతకు ముందటి యేడు, 1930 మే నెలలో, రంగూను రేవులో ఓడలకు సరుకెత్తు తెలుగు కూలీలు కూలి పెంచుమని సమ్మె చేయగా యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె పరిష్కారమై తెలుగువారు తిరిగి పనికి రాగా బర్మీయులను పంపివేసిరి. ఆకలితో నున్న రెండు జనములను ఎదురెదురుగా నిలిపినవారు తమ ఇండ్లలో నుండిరి. వీధులలో నెత్తురు పారినది. నూరుమందికి పైగా చనిపోయిరి. మృతులలో అధికులు ఈ కోరంగీలు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు కొండదారుల నడిచి స్వదేశమునకు బయలుదేరిరి. దారిలో పడిపోయినవారికిని లెక్క లేదు. కోరంగి పేరు మోసినవారి విషయమున ఇది రెండవమారు.

నేటి కోరంగిని చూడబోవువారు చూచునది అడవిని. 1978లో ప్రభుత్వము ఇచట 235.70 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించినది. బురదలో చేపలు పట్టు బావురుపిల్లి, నీటికుక్క, శీతకాలమున దూరదేశములనుండి వచ్చు కొంగలు, ఉల్లంకులు ఇచట కలవు. హోప్ ఐలండ్ ఇసుకలో సముద్రపు తాబేళ్ళు గ్రుడ్లు పెట్టును. రేవును పూడ్చిన మట్టియే ఈ అడవికి తల్లి. ఈ అడవియే నేడు వెనుకనున్న పల్లెలకు అలలకడ్డుగా నిలిచియున్నది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. వేటకు పోయి తిరిగిరాని జాలరులు వారిలో ఎందరో. ఆ మృతులకు లెక్క కలదు, పేర్లు కలవు. వారి కుటుంబములు పేర్లు చెప్పి అడిగినవి గనుక, అడుగుటకు ఒక కచేరీ ఉన్నది గనుక. రేడియోలో తుపాను హెచ్చరిక వినినప్పుడు కోస్తాలోని ఇంట ఇంట పెద్దలు పిల్లలను మాటాడవద్దని కసరుట వట్టి అలవాటు కాదు.

అడవిలో కొయ్యబాట మీద కొంతదూరము నడిచి, అచటినుండి మేము పడవ ఎక్కితిమి. పాటు వేళ. పాయలో నీరు దిగి, రెండు గట్లమీదను మడవేళ్ళు బయటపడియున్నవి. ఎఱ్ఱ పీతలు బొరియలనుండి తొంగిచూచి దాగుచున్నవి. మర ఆపి, పడవవాడు వెదురుగడ చేతబట్టి, అడుగడుగునకు లోతు చూచుకొనుచు ముందుకు నడపెను. ఒకచోట గడ మూరెడు మునిగి నిలిచిపోయినది. అతడు దానిని బురదనుండి పెరికి, పడవను వెనుకకు త్రిప్పి, పోటు వచ్చువరకు ఆగవలెనని చెప్పెను. మేమాగితిమి.